హాలోవీన్ చూడాలంటే ఏ దేశం వెళ్లాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. మీరు విజయవాడ నుంచి నలుగురు బయలుదేరుతున్నారు. పిల్లలకు 9, 14 ఏళ్లు. 2026 అక్టోబర్ చివర్లో పది రోజుల వీలుంది. హాలోవీన్‌ను అది నిజంగా జరిగే చోట ఒక్కసారైనా చూడాలని పిల్లల కోరిక. అందుకు అమెరికాకే వెళ్లాలా, ఐర్లండ్, మెక్సికో, జపాన్‌లలో ఏదైనా మేలా అని అడిగారు. దయ్యాల పండుగకు అంత డబ్బు పోసి సముద్రాలు దాటడమేమిటని మీ అత్తగారు అంటున్నారనీ చివర్లో రాశారు. దానికీ జవాబు చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, మీ నలుగురికీ సరిపడే ఊరు ఉత్తర ఐర్లండ్‌లోని డెరీ. అమెరికాలో విడివిడి ఇళ్లున్న కాలనీలో దగ్గరి బంధువులు ఉండి, వీసా కూడా ఇప్పటికే చేతిలో ఉంటే మాత్రం వాళ్లింటికే వెళ్లండి. మెక్సికోలో జరిగేది హాలోవీన్ కాదు, పెద్దలను తలుచుకునే వేరే పండుగ. అది చూడదగ్గది, కాని దానికోసమే విడిగా వెళ్లాలి. జపాన్‌ను ఈ ఒక్క కారణంతో ఎంచుకోవద్దు.

నేను హైదరాబాద్ నుంచి పది, పన్నెండు మంది దాటని చిన్న బృందాలను విదేశాలకు తీసుకువెళ్తుంటాను. ఈ పండుగ రోజుల్ని ఇప్పటివరకు ఐదు దేశాల్లో గడిపాను. అన్నిటిలోనూ నేను గమనించినది ఒకటే: ఊరివాళ్లు తమ కోసం తాము చేసుకునే చోట పండుగ ఉంటుంది, టికెట్టు అమ్మి చూపించే చోట ప్రదర్శన ఉంటుంది. రెండోది సింగపూర్‌లోనూ దొరుకుతుంది. దానికోసం అట్లాంటిక్ దాకా వెళ్లనక్కరలేదు.

గుమ్మంలో జరిగే పండుగ, వీధిలో జరిగే పండుగ

హాలోవీన్ గురించి మన పిల్లలు తెరమీద చూసేదంతా ఎక్కువగా గుమ్మం ముందు జరిగేదే. వేషాలు వేసుకున్న పిల్లలు ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టి 'ట్రిక్ ఆర్ ట్రీట్' అంటే, ఇంటివాళ్లు చాక్లెట్లు పెడతారు. దీన్ని ఏ ట్రావెల్ ఏజెంటూ మీకు అమ్మలేడు. హోటల్ గదికి గుమ్మం ఉండదు, ఇరుగుపొరుగు ఉండరు. అందుకే అమెరికా వెళ్లే కుటుంబాలను నేను మొదట అడిగేది ఏ నగరం వెళ్తున్నారని కాదు, ఎవరింట్లో దిగుతున్నారని.

2009లో నేను మొదటిసారి ఈ పండుగ చూసింది న్యూజెర్సీ ఎడిసన్‌లో, మా అన్నయ్య ఇంట్లో. మా వదిన రెండు పెద్ద సంచుల చాక్లెట్లు కొని, ఒక్కొక్కరికి రెండేసి చొప్పున పెట్టమని గిన్నె నా చేతికిచ్చింది. చీకటి పడకముందే చిన్నపిల్లలు తల్లిదండ్రులతో వచ్చారు. ఒక తేనెటీగ, ఇద్దరు స్పైడర్‌మాన్లు, ఒళ్లంతా అట్టపెట్టె తొడుక్కుని రోబో అనిపించుకోవాలని చూస్తున్న మూడేళ్ల పిల్లాడు. ఆ పెట్టె గుమ్మం మెట్టుకు తగిలి వాడు ఎక్కలేకపోతే నేనే కిందికి దిగి పెట్టి వచ్చాను. ఏడున్నర దాటాక కాస్త పెద్ద పిల్లలు దిండు గలీబులు పట్టుకుని గుంపులుగా వచ్చారు. ఎనిమిదింటికి గిన్నె ఖాళీ అయింది. వదిన పరుగున వెళ్లి వరండా దీపం ఆర్పేసి, టీవీ గొంతు తగ్గించి, 'చప్పుడు చెయ్యకండి' అంది. మేమందరం వంటింట్లో చీకట్లో కూర్చుని పప్పన్నం తిన్నాం.

అక్కడి నియమం అదే. వరండా దీపం వెలుగుతుంటే రావచ్చని, ఆరిపోతే వద్దని అర్థం. చీకటిగా ఉన్న ఇంటి తలుపు కొట్టడం మర్యాద కాదు. 2014 నుంచి అమెరికా అంతటా వ్యాపించిన ఇంకో ఆనవాలు, నీలం కలిసిన ఆకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ. అది గుమ్మం ముందు కనిపిస్తే, వేరుశెనగలాంటివి పడని పిల్లల కోసం ఆ ఇంట్లో తినుబండారాలు కాకుండా చిన్న బొమ్మలో, పెన్సిళ్లో ఉన్నాయన్నమాట.

మీ విషయంలో ఒక చిక్కుంది. మీ చిన్నవాడికి ఇది సరైన వయసే గాని, 14 ఏళ్ల అమ్మాయి ఇంటింటికీ తిరిగితే కొందరు 'ఇంత పెద్దదానివి నువ్వు కూడానా' అన్నట్టు చూస్తారు. సాధారణంగా పన్నెండు, పదమూడేళ్లకు ఆ ముచ్చట ముగుస్తుంది. అమ్మాయి తమ్ముడికి తోడుగా వెళ్తే ఎవరూ ఏమీ అనరు. కానీ ఆమెకూ ఇది తన పండుగే అనిపించాలంటే వీధి పండుగ కావాలి. డెరీని సూచించడానికి ఇది మొదటి కారణం.

డెరీలో ఏముంది

ఈ పండుగ మూలం అమెరికాలో లేదు. వేసవి ముగిసి చీకటి కాలం మొదలయ్యే సంధి రాత్రిని ఐర్లండ్, స్కాట్లండ్ ప్రజలు 'సౌవిన్' అనే పేరుతో జరుపుకొనేవారు. ఆ రాత్రి ఈ లోకానికీ, పరలోకానికీ మధ్య తెర పలచబడుతుందని నమ్మేవారు. తరువాత నవంబర్ 1 క్రైస్తవుల సర్వ పునీతుల దినం కావడంతో, దాని ముందు రాత్రికి ఇప్పటి పేరు వచ్చింది. 1840లలో బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువు వచ్చినప్పుడు లక్షలాది ఐరిష్ ప్రజలు అమెరికాకు వలసపోయారు, వాళ్లతో పండుగా పోయింది. ఐర్లండ్‌లో వాళ్లు టర్నిప్ గడ్డను తొలిచి దీపం పెట్టేవారు. అమెరికాలో అంతకంటే పెద్దది, మెత్తనిది, సులువుగా తొలవగలిగింది దొరికింది. గుమ్మడికాయ కథ అంతే.

ఆ పాత టర్నిప్ దీపం ఎలా ఉండేదో చూడాలంటే ఐర్లండ్ పశ్చిమాన, మేయో కౌంటీ కాసిల్‌బార్ దగ్గర జాతీయ మ్యూజియం గ్రామీణ జీవన విభాగంలో దాని అచ్చు ఒకటి ఉంది. పిడికిలంత గడ్డ, ముడుతలు పడిన నుదురు, వంకర పళ్లు. నవ్వే గుమ్మడికాయలకు అలవాటుపడిన పిల్లలు దాని ముందు కాసేపు మాట్లాడకుండా నిలబడటం నేను రెండుసార్లు చూశాను. డెరీ నుంచి దారి దూరం కనుక పది రోజుల్లో దాన్ని ఇరికించమని మాత్రం చెప్పను.

ఇక డెరీ. ఫోయిల్ నది ఒడ్డున, 17వ శతాబ్దపు కోటగోడ చుట్టూ చెక్కుచెదరకుండా నిలిచిన చిన్న నగరం అది. గోడ మీద కిలోమీటరున్నర నడిస్తే ఒక చుట్టు పూర్తవుతుంది. రాజకీయ ఘర్షణల వల్ల అక్కడ దశాబ్దాల పాటు బాంబులు, సైనిక పహరాలు ఉండేవి. 1980ల మధ్యలో ఒక బార్‌లో వేషధారణ విందు జరుగుతుండగా బాంబు బెదిరింపు వచ్చి అందరినీ బయటికి పంపేశారనీ, వేషాల్లో ఉన్నవాళ్లు ఇళ్లకు పోకుండా వీధిలోనే ఆట కొనసాగించారనీ, ఇప్పటి ఉత్సవం అలా మొదలైందనీ ఊళ్లో చెబుతారు. ఆ తరువాత నగరపాలక సంస్థ దాన్ని చేతిలోకి తీసుకుని ఏటా అనేక రోజుల ఉత్సవంగా నడుపుతోంది. కోటగోడల మీద దీపాలు, నిప్పుతో ఆడే కళాకారులు, అక్టోబర్ 31 సాయంత్రం ఊరేగింపు, ఆపైన నది మీద బాణసంచా ఉంటాయి. వీధుల్లో జరిగేదానికి చాలా భాగం టికెట్టు లేదు. 2015లో ఒక అమెరికన్ పత్రిక పాఠకుల ఓటింగులో ప్రపంచంలోనే మేలైన హాలోవీన్ ఊరుగా ఇదే నిలిచింది.

అయితే నన్ను పట్టేసింది ఊరేగింపు కాదు. 31 పొద్దున పది గంటలకు కరెన్సీ మార్చుకోవడానికి వెళ్తే, కౌంటర్ వెనుక ఉన్నావిడ మెడ మీద కుట్లు వేసినట్టు రంగు పూసుకుని, మంత్రగత్తె టోపీ పెట్టుకుని, మామూలు రోజుల్లో ఎలా లెక్కపెడుతుందో అలాగే వేలు తడుపుకుంటూ నోట్లు లెక్కపెట్టింది. బయట బస్సు డ్రైవర్ చేతులకు ఎముకల గ్లౌజులు ఉన్నాయి. అరవై దాటిన దంపతులు ఇద్దరూ ఉప్పుడబ్బా, మిరియాల డబ్బా వేషాల్లో చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూరగాయలు కొంటున్నారు. ఎవరూ ఎవరికీ చూపించడం లేదు. మామూలు బట్టల్లో ఉన్న మా బృందమే అందరికీ వింతగా కనిపించింది. మధ్యాహ్నం ఒక దుకాణంలో తలకొక ముసుగు కొనుక్కుని వచ్చాకే మాకు ఊపిరాడింది.

కాబట్టి వేషం లేకుండా డెరీ వెళ్లవద్దు. ఖరీదైనది అక్కరలేదు. కాని వాతావరణాన్ని బట్టి కుట్టించుకోండి. ఆ రోజుల్లో అక్కడ సాయంత్రం ఐదు కాకముందే సూర్యాస్తమయం అవుతుంది, చలి పది డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది, నది మీదుగా గాలి వీస్తుంది, వాన దాదాపు ఖాయం. లోపల థర్మల్, దాని మీద స్వెట్టర్, అన్నిటి పైన పట్టేంత వదులుగా వేషం ఉండాలి. పల్చటి మెరుపుబట్టతో కుట్టించిన రాణి వేషం వేసుకుని వచ్చి రాత్రంతా నాన్న కోటు కప్పుకుని కూర్చున్న పాపను నేను చూశాను. ఫోటోల్లో కోటు తప్ప ఏమీ పడలేదు.

తిండి విషయంలో శాకాహారులకు పెద్ద ఇబ్బంది లేదు. ఉడికించి మెదిపిన బంగాళాదుంపల్లో కేల్ ఆకు, వెన్న కలిపిన 'కాల్కానన్' ఈ పండుగ వంటే. మన పప్పుకూర తినేవాళ్లకు వెంటనే నచ్చుతుంది, పచ్చిమిరపకాయ ఒకటి ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుంది. ఎండుద్రాక్షలు వేసిన 'బార్మ్‌బ్రాక్' అనే తీపి రొట్టెలో ఉంగరం దాచి కాలుస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు ఏడాదిలో పెళ్లవుతుందని వేడుక. పిల్లలకు పెట్టేముందు ముక్కను చేత్తో తుంచి చూడండి. గుడ్డు తిననివాళ్లు అడిగి తీసుకోవాలి.

వీసా విషయంలో ఈ ఒక్కటీ జాగ్రత్తగా చదవండి

డెరీ ఉన్నది ఐర్లండ్ ద్వీపంలోనే గాని ఐర్లండ్ రిపబ్లిక్‌లో కాదు, యునైటెడ్ కింగ్‌డమ్‌లో. డబ్లిన్ నుంచి డెరీకి బస్సు దాదాపు నాలుగు గంటలు పడుతుంది. దారిలో సరిహద్దు దాటుతారు, కాని అక్కడ గేటు లేదు, పోలీసు లేడు. వేగపరిమితి బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లకు మారడం, బస్సు ఆగిన చోట టీకి యూరోలకు బదులు పౌండ్లు అడగడం, ఇవే ఆనవాళ్లు. ఎవరూ ఆపరు కనుక వీసా అక్కరలేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. తనిఖీ లేకపోయినా భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అటు వెళ్లాలంటే యూకే అనుమతి ఉండాల్సిందే, ఇటు రావాలంటే ఐర్లండ్ అనుమతి ఉండాల్సిందే. యూరప్‌లో చాలా దేశాలకు ఒకే వీసా చెల్లే షెంగెన్ కూటమిలో ఐర్లండ్, యూకే రెండూ లేవు కనుక షెంగెన్ వీసా రెండింటికీ పనికిరాదు.

దీనికి ఒక సులువు ఉంది. భారతీయుల కోసం బ్రిటిష్–ఐరిష్ ఉమ్మడి వీసా పథకం అని ఒకటి నడుస్తోంది. ఏ ఒక్క దేశం ఇచ్చిన విజిటర్ వీసా మీదనైనా 'బీఐవీఎస్' అనే గుర్తు ఉంటే దాంతో రెండో దేశానికీ వెళ్లవచ్చు. కాని వీసా ఇచ్చిన దేశంలోనే మొదట దిగాలి. మీరు యూకే వీసాకు దరఖాస్తు చేసి, లండన్ మీదుగా బెల్‌ఫాస్ట్‌లో దిగి, అక్కడి నుంచి రైలులో డెరీ చేరండి. సుమారు రెండు గంటల ప్రయాణం. చివరి భాగం సముద్రాన్ని ఆనుకునే సాగుతుంది కనుక కుడిచేతి వైపు కిటికీ పట్టుకోండి. యూకే ఇప్పుడు కాగితపు స్టిక్కర్ల నుంచి ఈ-వీసాకు మారుతోంది. ఆ గుర్తు ఏ రూపంలో వస్తుందో, డబ్లిన్ కూడా చూడాలంటే అది చాలునో లేదో దరఖాస్తు చేసే రోజున రెండు ప్రభుత్వాల వెబ్‌సైట్లలో చూసుకోండి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. మీరు ఆగస్టు మొదటి వారంలోనే పెట్టేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా అనుభవమే. ఒక ఏడాది మా బృందంలో ఒక జంట వీసాలు వేరే ఏజెంటు చేయించాడు. 'అంతా సరిగా ఉంది' అన్న అతని మాట నమ్మి నేను విడిగా చూడలేదు. డబ్లిన్‌లో రాత్రి భోజనం దగ్గర పాస్‌పోర్టులు తిరగేస్తుంటే వాళ్లిద్దరి వీసాల మీద ఆ గుర్తు లేదు. 'బస్సులో ఎవరూ అడగరు కదండీ' అని ఆయన అన్నాడు. అడగకపోవచ్చు, కాని అడిగిన రోజు ఆ మచ్చ జీవితాంతం ప్రతి వీసా దరఖాస్తులోనూ కనిపిస్తుంది. బృందాన్ని మా సహాయకుడితో డెరీ పంపి, వాళ్లిద్దరితో నేను ఆగిపోయాను.

ఆగినందుకు ఒక మంచి జరిగింది. డబ్లిన్‌కు వాయవ్యంగా మీత్ కౌంటీలో అథ్‌బాయ్ అనే ఊరి పక్కన వార్డ్ కొండ ఉంది. సౌవిన్ నాటి పాత అగ్నికుండం అక్కడే వెలిగేదని ఐరిష్ వాళ్ల నమ్మకం. అక్టోబర్ 31 రాత్రి ఊరివాళ్లు కాగడాలు పట్టుకుని కొండెక్కుతారు. నిజానికి కొండ అనేంత ఎత్తేమీ లేదు, గడ్డి కప్పుకున్న గుండ్రటి మట్టికట్టలు, అంతే. మా కాళ్లు బురదలో చీలమండల దాకా దిగాయి. ముందు నడుస్తున్న ముసలాయన కాగడా గాలికి మాటిమాటికీ వంగుతుంటే, వెనకవాళ్లు ఒకరి మంట నుంచి ఒకరు అంటించుకుంటూ పైకి చేరారు. అరుపులు, రక్తపు రంగులు ఏమీ లేవు. ఆ జంట ఇప్పటికీ డెరీ పోయిందని బాధపడరు. పాత సంప్రదాయం మీద మక్కువ ఉన్న పెద్దవాళ్లకు దీన్నీ, రోస్‌కామన్ కౌంటీలో రాత్‌క్రోగన్ దగ్గర ఉన్న 'పిల్లుల గుహ'నూ నేను ఇప్పుడు విడిగా చూపిస్తుంటాను. ఆ గుహ సౌవిన్ రాత్రి పరలోకానికి తెరుచుకునే ద్వారమని పాత కథలు చెబుతాయి. పాకుతూ దిగాలి కనుక మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే ఉండటం మంచిది.

అమెరికా వెళ్లేవాళ్లకు

బంధువులు ఉన్నా లేకపోయినా వీసా ఇంటర్వ్యూ తేదీ కోసం నెలల తరబడి వేచి ఉండాల్సిన పరిస్థితి తరచూ వస్తుంది. కొత్తగా వీసా తీసుకోవాల్సిన కుటుంబం ఒక పండుగ తేదీని నమ్ముకుని అమెరికా టికెట్లు కొనడం తగదు. వీసా ఉన్నవాళ్లు మాత్రం రెండు చోట్ల గురించి తెలుసుకోవాలి.

మొదటిది న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ పరేడ్. రాల్ఫ్ లీ అనే ముసుగుల తయారీదారు, తోలుబొమ్మల కళాకారుడు 1970లలో తన పేటలో పిల్లల కోసం మొదలుపెట్టిన ఊరేగింపు, ఇప్పుడు సిక్స్త్ అవెన్యూ నిండా నడుస్తోంది. పెద్ద పెద్ద అస్థిపంజరపు బొమ్మలను కర్రల మీద ఎత్తి ఆడిస్తారు. చాలామంది బారికేడ్ల వెనుక మూడు గంటలు నిలబడి ముందువాళ్ల వీపులు చూసి వస్తారు. ఇక్కడి కిటుకు ఒకటే: వేషం వేసుకుంటే ఎవరైనా ఊరేగింపులోనే నడవవచ్చు. చూసేవాళ్లకంటే నడిచేవాళ్లకు చోటు, ఊపిరి, వినోదం అన్నీ ఎక్కువ. అయినా తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఆ రద్దీ ఎక్కువే. 2012లో శాండీ తుఫాను వల్ల ఈ పరేడ్ రద్దయింది. ఒక్క రాత్రినే నమ్ముకుని వెళ్లే ప్రయాణాల్లో ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. డెరీలో ఉత్సవం కొన్ని రోజుల పాటు సాగుతుంది కనుక వాన ఒక సాయంత్రాన్ని మింగినా ఇంకొకటి మిగులుతుంది.

రెండోది బోస్టన్‌కు ఉత్తరాన సేలం. అక్టోబర్ నెలంతా అక్కడ జాతరే. గదుల ధరలు మామూలు రోజులకంటే రెండు మూడు రెట్లుంటాయి, కారు నిలపడానికి చోటుండదు. బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి రైలెక్కితే అరగంటలో దిగవచ్చు, కనుక బోస్టన్‌లోనే బస చేయండి. నాకు సేలం విషయంలో ఒక ఇబ్బంది ఉంది, దాచుకోను. 1692లో మంత్రగత్తెలన్న నిందతో అక్కడ 19 మందిని ఉరి తీశారు, ఒకాయనను రాళ్ల కింద నలిపి చంపారు, మరికొందరు జైల్లోనే పోయారు. వాళ్లలో మంత్రగత్తెలెవరూ లేరు. ఇరుగుపొరుగు కక్షలకు, భయానికి బలైన మామూలు మనుషులు వాళ్లు. పాత శ్మశానం పక్కన 1992లో కట్టిన స్మారకం ఉంది. లోపలికి అడుగుపెట్టే చోట నేల రాళ్ల మీద ఆ నిందితులు తాము నిర్దోషులమని మొరపెట్టుకున్న మాటలు చెక్కారు. ఆ వాక్యాలు గోడ అడ్డొచ్చి మధ్యలోనే ఆగిపోతాయి. చుట్టూ గోడలోంచి ముందుకు వచ్చిన ఇరవై రాతి పలకల మీద ఒక్కొక్కరి పేరు, చనిపోయిన తేదీ ఉంటాయి. ఒక అక్టోబర్ మధ్యాహ్నం వాటి మీద కూర్చుని ప్లాస్టిక్ చీపుర్లు పట్టుకుని ఐస్‌క్రీం తింటున్నవాళ్లను చూశాక ఆ సాయంత్రం నాకు ఊరు రుచించలేదు. సేలం చూడదలిస్తే పొద్దున్నే వెళ్లి ముందు ఆ స్మారకం దగ్గర మీ అమ్మాయికి కథ చెప్పండి. ఆ వయసుకు అర్థమవుతుంది.

మెక్సికో వేరే మాట

అక్టోబర్ 31 రాత్రి నుంచి నవంబర్ 2 దాకా మెక్సికోలో జరిగే 'మృతుల దినం' పుర్రె బొమ్మల వల్ల హాలోవీన్‌లాగే కనిపిస్తుంది గాని రెండింటి స్వభావం వేరు. ఒకటి దయ్యాలను తరిమే ఆట అయితే, ఇంకొకటి చనిపోయినవాళ్లను భోజనానికి పిలిచే రోజు. నవంబర్ 1న చిన్నతనంలో పోయిన పిల్లలు, 2న పెద్దలు ఇంటికి వస్తారని నమ్మకం. పీఠం వేసి, ఫోటో పెట్టి, వాళ్లకు ఇష్టమైన వంటలు, దూరం నడిచి వచ్చారు కనుక గ్లాసుడు నీళ్లు, ధూపం, గుమ్మం నుంచి పీఠం దాకా దారి తెలిసేలా బంతిపూల రేకులు. 2008లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

వహాకా నగరం పక్కన ఉన్న ఒక శ్మశానంలో మా బృందంలోని వరంగల్ పెద్దావిడ ఒకరు చాలాసేపు నిలబడి, 'పెత్తరమాసకు మనం పెద్దలకు బియ్యమిచ్చినట్టే ఉంది, వీళ్లు సమాధి దగ్గరికే తెచ్చి పెడుతున్నారు' అన్నారు. ఆ పూలు చూసి 'మన బంతిపూలు ఇక్కడి దాకా వచ్చాయే' అని కూడా అన్నారు. నిజానికి వచ్చింది అవతలి నుంచి ఇటే. బంతి మొక్క పుట్టిల్లు మెక్సికో. బతుకమ్మకు, దసరా తోరణాలకు మనం వాడే పువ్వు అక్కడి నుంచి ఓడలెక్కి వచ్చిన చుట్టమే.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు చాలు. మెక్సికో నగరంలోని పెద్ద పరేడ్ పాత సంప్రదాయమేమీ కాదు. 2015లో వచ్చిన ఒక జేమ్స్ బాండ్ సినిమాలో కల్పించిన ఊరేగింపును చూసి 2016లో మొదలుపెట్టారు. కనులపండువే గాని దాన్నే పండుగ అనుకోవద్దు. శ్మశానాల్లో కుటుంబాలు సమాధుల చుట్టూ కూర్చుని ఉంటాయి. అడగకుండా కెమెరా ఎత్తితే, మన ఇంట్లో తద్దినం జరుగుతుంటే కిటికీలోంచి ఫోటో తీసినట్టే అవుతుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కరలేదు కనుక, అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది దగ్గరి దారి.

జపాన్, కొరియా, మిగిలినవి

టోక్యో షిబుయా కూడలిలో వేషాల గుంపులను మీ పిల్లలు వీడియోల్లో చూసి ఉంటారు. అవి పాతవి. 2018లో అక్కడ గుంపు ఒక చిన్న ట్రక్కును బోల్తా కొట్టించింది. ఆ తరువాత వీధిలో మద్యం తాగడంపై ఆంక్షలు వచ్చాయి. 2023లో ఆ వార్డు మేయరే హాలోవీన్‌కు షిబుయా రావద్దని ప్రపంచాన్ని కోరారు. పిలవని చోటికి పిల్లలను తీసుకుని వెళ్లవద్దు. జపాన్ ఎలాగూ వెళ్తుంటే అక్టోబర్ చివరి వారాంతంలో టోక్యోలోనే ఇకెబుకురో అనే పేటలో జరిగే కాస్‌ప్లే (కార్టూన్, ఆటల పాత్రల వేషాలు వేసుకునే) ఉత్సవం చక్కగా, క్రమశిక్షణతో ఉంటుంది.

సియోల్‌లోని ఇటేవన్‌లో 2022 అక్టోబర్ 29 రాత్రి ఇరుకు సందులో తొక్కిసలాట జరిగి 159 మంది చనిపోయారు. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లే. ఆ తరువాత నేను ఏ ఊళ్లోనైనా బృందానికి చెప్పే నియమం ఒకటుంది: మీ చేతులు మీ ఇష్టప్రకారం కదలనంతగా జనం ఒత్తుకుంటే, ఇంకా ఏదో చూడాల్సి ఉందని ఆగకుండా పక్కకు, వెడల్పైన వీధిలోకి వెళ్లిపోవాలి. డెరీలో కూడా ఊరేగింపు ముగిశాక కోట ద్వారాల వైపు పది నిమిషాలు ఆగి కదలండి.

రుమేనియాలో బ్రాన్ కోట డ్రాక్యులాదని అమ్ముతారు గాని, డ్రాక్యులా అనే రక్తపిశాచి నవల రాసినాయన ఆ దేశంలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. కొండల మధ్య ఆ కోట అందం కోసం వెళ్లండి, హాలోవీన్ కోసం కాదు. సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్‌లో సెప్టెంబర్, అక్టోబర్ రాత్రుల్లో భయపెట్టే ప్రదర్శనలుంటాయి. అవి 13 ఏళ్లలోపు పిల్లలకు తగవని నిర్వాహకులే చెబుతారు కనుక మీ చిన్నవాడు బయటే ఉండాల్సి వస్తుంది.

తేదీలు, సామాను, మీ అత్తగారు

2026లో అక్టోబర్ 31 శనివారం వచ్చింది. పనిరోజు కాదు కనుక డెరీలో జనం మరీ ఎక్కువగా ఉంటారు. ఆ ఊళ్లో హోటళ్లు కొన్నే. వీసా రాకముందే ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గది ఒకటి ఇప్పుడే పట్టుకోండి. డెరీలో దొరక్కపోతే రైలు మార్గంలోనే ఉన్న కోల్‌రేన్‌లో చూడండి, అయితే తిరుగు రైలు వేళలు ముందే తెలుసుకోవాలి. అక్టోబర్ 28కల్లా డెరీ చేరి నవంబర్ 1 దాకా ఉండండి. మధ్యలో ఒక పగలు జెయింట్స్ కాజ్‌వే నల్లరాతి స్తంభాలకు పెట్టుకోండి. నవంబర్ 8న దీపావళి కనుక ఇంటికి చేరి పిండివంటలు మొదలుపెట్టడానికి వారం దొరుకుతుంది.

ప్లాస్టిక్ కత్తులు, బొమ్మ తుపాకులు చేతిసంచిలో పెట్టవద్దు, విమానాశ్రయంలో తీసేస్తారు. నకిలీ రక్తం సీసా కూడా ద్రవం కిందికే వస్తుంది. ముఖానికి పూసే రంగును ఇంట్లోనే పిల్లల మోచేతి మీద రాసి ఒక రోజు చూడండి. పటాకులు కొనాలనిపించినా కొనవద్దు, ఉత్తర ఐర్లండ్‌లో లైసెన్సు లేకుండా వాటిని కాల్చడం నేరం.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. మా అమ్మ కూడా ఎడిసన్‌లో 'సంధ్యవేళ గుమ్మంలో పుర్రెలేమిటి' అని అన్నయ్యను కోప్పడింది. అప్పుడు మా వదిన హైదరాబాద్‌లో మా ఇంటి గుమ్మానికి వేలాడుతున్న బూడిద గుమ్మడికాయను గుర్తుచేసింది. దాని మీద కోరలు, గుడ్లురుముతున్న కళ్లు గీయించి కట్టించింది మా అమ్మే. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. కాసేపటికి లేచి, పిల్లలు చెక్కిన గుమ్మడికాయ లోపలి గింజలన్నీ ఏరి కడిగి, ఉప్పూ కారం వేసి వేయించి పెట్టింది.

మీకు యూకేలోగాని, అమెరికాలోగాని బంధువులుంటే వాళ్ల ఊరి పేరు రాయండి. దాన్ని బట్టి రోజులవారీ పథకం సరిచేసి చెబుతాను.